గురి క్రీడకు మొదటి రైఫిలు: తక్కువ ఖర్చుతో సరైన ఎంపిక

విషయక్రమం
1. లక్ష్యాలు
2. ప్రస్తావన
3. చట్టపరమైన హద్దులు
4. పది మీటర్ల పోటీ: మనం దేనికి గురిపెడుతున్నాం?
5. గాలి రైఫిలు పనిచేసే విధానం
6. కొనేముందు పరిశీలించవలసిన అంశాలు
7. ఖర్చు లెక్క
8. వాడిన రైఫిలు కొనడం
9. భద్రత, బాధ్యత
10. సారాంశం
11. నమూనా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• లైసెన్సు అవసరం లేని గాలి రైఫిలుకు, లైసెన్సు తప్పనిసరి అయిన తుపాకికి గల తేడా చెప్పగలుగుతారు.
• గాలి రైఫిళ్ళలోని రకాలను, వాటి మంచిచెడ్డలను వివరించగలుగుతారు.
• మీ శరీరానికీ మీ స్తోమతకూ తగిన మొదటి రైఫిలును ఎంచుకోగలుగుతారు.
• రైఫిలు ధరకు, సాధన ఖర్చుకు మధ్య డబ్బును ఎలా పంచుకోవాలో లెక్క వేయగలుగుతారు.

2. ప్రస్తావన

ఏడుపాయల జాతరకో, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకో వెళ్ళినవారికి బుడగలు కాల్చే అంగడి తెలిసే ఉంటుంది. మనలో చాలామంది రైఫిలును మొదటిసారి చేతపట్టింది అక్కడే. డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో చేరినవారు .22 రైఫిలు కూడా కాల్చి ఉండవచ్చు. ఈ రెండు అనుభవాల తరవాత కొందరికి గురి మీద ఆసక్తి పుడుతుంది. 'నేనూ ఒక రైఫిలు కొనుక్కుంటే?' అనే ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఈ ఆలోచన రావడానికి కారణాలు లేకపోలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలో కాంస్య పతకం గెలిచారు. హైదరాబాదుకే చెందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపాన్ని దాటుకుని, బధిరుల ఒలింపిక్స్‌లో ఇదే పోటీలో స్వర్ణం సాధించారు. ఈ క్రీడకు ఎత్తు, పరుగు, కండబలం అంతగా అవసరం లేదు. నిలకడ కావాలి, ఓపిక కావాలి. పగలు పొలం పనో ఉద్యోగమో చేసుకుంటూ దూరవిద్యలో చదువుకునే మీవంటివారికి ఆ రెండూ కొత్త కాదు.

అయితే నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైనే. రైఫిలు చూపించి, పట్టించి, కాల్పించి అమ్మే దుకాణం మన ఊళ్ళో దొరకదు. ప్రకటన చూసో, ఎవరో చెప్పిన మాట వినో డబ్బు పెట్టేవారే ఎక్కువ. పత్తి అమ్మిన డబ్బులోంచో, స్కాలర్‌షిప్‌లోంచో తీసిన ఆ మొత్తం పొరపాటున వృథా అయితే మళ్ళీ కూడబెట్టడానికి ఏడాది పట్టవచ్చు. అందుకే ఈ భాగంలో ఒకే ప్రశ్నకు సమాధానం వెతుకుదాం: ఉన్న కొద్ది డబ్బును ఎక్కడ పెడితే గురి మెరుగుపడుతుంది?

3. చట్టపరమైన హద్దులు

మన దేశంలో తుపాకులకు సంబంధించిన మూల చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద 2016లో వచ్చిన నియమాలు గాలి రైఫిళ్ళకు రెండు హద్దులు పెట్టాయి. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 0.177 అంగుళం (4.5 మిల్లీమీటర్లు) మించకూడదు. గొట్టం మూతి దగ్గర పెల్లెట్‌కు ఉండే శక్తి 20 జౌళ్ళు మించకూడదు. ఈ రెండు హద్దుల్లోపల ఉన్న గాలి రైఫిలుకు లైసెన్సు అక్కరలేదు. ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి.

మందుగుండుతో పేలే .22 రైఫిలు ఈ మినహాయింపులోకి రాదు. ఎన్.సి.సి.లో దానిని కాల్చిన అనుభవం ఉన్నంత మాత్రాన ఇంట్లో ఉంచుకునే హక్కు రాదు. ఎవరి దగ్గరో ఉన్న నాటు తుపాకిని కొనడం, తీసుకుని దాచడం నేరుగా శిక్షార్హమైన నేరం. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి ఆచరణలో మిగిలే దారి ఒక్కటే: 0.177 గాలి రైఫిలు. ఇది రాజీ పడి తీసుకునే వస్తువు కాదు. 1984 లాస్ ఏంజెలెస్ క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న 10 మీటర్ల పోటీ ఈ బోరుతోనే జరుగుతుంది.

కొనేటప్పుడు దుకాణదారుడు గుర్తింపు, చిరునామా, వయసు రుజువులు అడుగుతాడు. అడగనివాడి దగ్గర కొనకండి. బిల్లు తప్పక తీసుకుని, దానిమీద రైఫిలు సంఖ్య రాయించుకోండి. నియమాలు మారుతూ ఉంటాయి కనుక కొనేముందు స్థానిక పోలీసు స్టేషన్‌లో ఒకసారి అడగడం మంచిది.

4. పది మీటర్ల పోటీ: మనం దేనికి గురిపెడుతున్నాం?

ఏ పనిముట్టు కొనాలన్నా ముందు పని ఏమిటో తెలియాలి. ఈ పోటీలో షూటర్ నిలబడి, 10 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కాలుస్తాడు. లక్ష్యంలో పది వలయాలు ఉంటాయి. అన్నిటికంటె బయటి వలయం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. నడుమ ఉండే పదో వలయం వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటరు. అంటే దాదాపు ఈ వాక్యం చివరి చుక్కంత. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకినా పది పాయింట్లు వస్తాయి. కేంద్రం నుంచి 2.5 మిల్లీమీటర్లు దూరం జరిగినకొద్దీ ఒక్కో పాయింటు తగ్గుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. రైఫిలు ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల దూరంలో ఆ తేడా సుమారు 14 మిల్లీమీటర్లు అవుతుంది. పది రావలసిన చోట అయిదు వస్తుంది. గోరు మందమంత కదలికకు అయిదు పాయింట్లు పోయాయి! లండన్‌లో నారంగ్ మొత్తం స్కోరు 701.1. రజతం గెలిచిన ఇటలీ షూటర్ స్కోరు 701.5. ఆ ఇద్దరి మధ్య తేడా 0.4 మాత్రమే.

దీన్నిబట్టి మనకు కావలసిన గుణం ఏమిటో తేలుతుంది. రైఫిలు బలంగా కాల్చనక్కరలేదు. ప్రతిసారీ ఒకేలా కాల్చాలి.

5. గాలి రైఫిలు పనిచేసే విధానం

గాలి రైఫిలులో మందుగుండు ఉండదు. ఒత్తిడికి గురైన గాలి పెల్లెట్‌ను ముందుకు నెడుతుంది. పెల్లెట్‌ను మన దగ్గర ఛర్రా అని కూడా అంటారు. గాలిని ఎలా ఒత్తిడికి గురిచేస్తారన్న దానినిబట్టి కొనుగోలుదారు ముందు ప్రధానంగా రెండు రకాలు ఉంటాయి.

5.1 స్ప్రింగ్ రైఫిలు: బ్యారెల్‌ను మడిచినా, కింది లివర్‌ను లాగినా లోపలి బలమైన స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ విడివడి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి నలిగి పెల్లెట్‌ను తోస్తుంది. నిర్మాణం సులువు, ధర తక్కువ, విడిగా గాలి నింపే అవసరం లేదు. లోపం ఏమిటంటే, పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే పిస్టన్ కదలికకు రైఫిలు కుదుపుకు లోనవుతుంది. మీరు పట్టుకునే తీరు ప్రతిసారీ ఒకేలా లేకపోతే ఆ కుదుపు గురిని మారుస్తుంది. బ్యారెల్‌ను మడిచే రకంలో కీలు అరిగేకొద్దీ గొట్టం వరుస తప్పే ప్రమాదం కూడా ఉంది. బ్యారెల్ కదలకుండా కింది లివర్‌తో పనిచేసే రకం ఈ విషయంలో మేలు.

5.2 ముందే గాలి నింపిన రైఫిలు: దీనికి ఒక సిలిండర్ ఉంటుంది. పోటీ రైఫిళ్ళలో అందులో సాధారణంగా 200 బార్ ఒత్తిడితో గాలి నింపుతారు. ఒక్కో కాల్పుకు సమానమైన గాలిని విడుదల చేసే రెగ్యులేటర్ ఉంటుంది. కుదుపు దాదాపు ఉండదు. అంతర్జాతీయ పోటీల్లో వాడే వాల్తేర్, ఫైన్‌వెర్క్‌బౌ, అన్షూట్జ్ వంటి జర్మన్ రైఫిళ్ళు ఇప్పుడు ఈ రకానివే. ధర లక్షల్లో ఉంటుంది. గాలి నింపుకోవడానికి ప్రత్యేక పంపు గాని, పెద్ద సిలిండర్ గాని కావాలి. వాహనాల టైర్లకు గాలి కొట్టే యంత్రం ఇందుకు పనికిరాదు.

5.3 వేగం గురించిన అపోహ: ప్రకటనల్లో 'సెకనుకు 1000 అడుగుల వేగం' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. శక్తి లెక్క మీకు పాఠశాల నుంచి తెలిసినదే. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి. సాధారణ పోటీ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాము. పోటీ రైఫిలు దానిని సెకనుకు 170 మీటర్ల వేగంతో పంపుతుందనుకుంటే శక్తి సుమారు 7.7 జౌళ్ళు. అదే పెల్లెట్ 1000 అడుగుల వేగంతో, అంటే 305 మీటర్ల వేగంతో వెళితే శక్తి 24 జౌళ్ళు దాటుతుంది. అప్పుడు అది లైసెన్సు హద్దును మించిపోతుంది. కాబట్టి ఆ సంఖ్య మరీ తేలికైన పెల్లెట్‌తో కొలిచినదైనా కావాలి, అతిశయోక్తి అయినా కావాలి, లేదా ఆ రైఫిలు మీరు లైసెన్సు లేకుండా ఉంచుకోదగినది కాకపోవాలి.

170 మీటర్ల వేగంతో వెళ్ళే పెల్లెట్ 10 మీటర్ల దూరాన్ని సెకనులో పదహారో వంతుకంటె తక్కువ కాలంలో దాటుతుంది. ఆ లోపు సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ప్రతిసారీ అంతే దిగుతుంది కనుక సైటు సరిచేస్తే ఆ సమస్య తీరిపోతుంది. ఒలింపిక్ విజేతకు చాలిన వేగం మనకూ చాలుతుంది. ఎక్కువ వేగానికి ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) 0.53 గ్రాము పెల్లెట్ సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి ఎంత? ఆ రైఫిలుకు లైసెన్సు కావాలా? (సమాధానం ఈ భాగం చివర ఉంది.)

6. కొనేముందు పరిశీలించవలసిన అంశాలు

6.1 శరీరానికి అమరిక: రైఫిలు బట్‌ను మోచేతి మడతలో ఆనించి, చేయి ముందుకు చాపండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ దగ్గరకు వస్తే పొడవు సరిపోయినట్టే. వేలు అందకపోతే అది మీకు పొడుగు రైఫిలు. భుజానికి ఆనించి కళ్ళు మూసుకోండి. చెంప సహజంగా కర్రకు ఆనిన తరవాత కళ్ళు తెరవండి. సైటు ఎదురుగా కనిపించాలి. మెడ వంచి వెతుక్కోవలసి వస్తే ఆ రైఫిలు మీకు కుదరదు.

6.2 బరువు: అంతర్జాతీయ నియమాల ప్రకారం రైఫిలు 5.5 కిలోలు మించకూడదు. అది గరిష్ఠ హద్దే గాని, అంత బరువు ఉండి తీరాలని కాదు. సన్నగా ఉన్నవారు మూడున్నర, నాలుగు కిలోలతో మొదలుపెట్టవచ్చు. రైఫిలును గురిపెట్టి అరనిమిషం నిలబడి చూడండి. నడుము, భుజం వణికితే తేలికైనది తీసుకోండి.

6.3 ఏ కన్ను?: రెండు అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, దూరపు వస్తువును రెండు కళ్ళతోనూ చూడండి. తరవాత ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలిచి ఉంటుందో అది మీ ప్రధాన నేత్రం. కుడిచేతివాటం వారిలోనూ కొందరికి ఎడమ కన్ను ప్రధానమవుతుంది. అలాంటివారు శిక్షకుని సలహా లేకుండా కుడివైపు కర్ర ఉన్న రైఫిలు కొనకూడదు.

6.4 ట్రిగ్గర్: మంచి ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది. మొదట కొంత తేలికగా వెనక్కి వచ్చి, ఒకచోట ఆగినట్టు తెలుస్తుంది. అక్కడినుంచి కొద్దిపాటి ఒత్తిడికి విడుదలవుతుంది. గరగరమని సాగే ట్రిగ్గర్ లాగేటప్పుడు రైఫిలునే కదిలిస్తుంది. దుకాణంలో పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త: పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిలును ఖాళీగా కాల్చకూడదు. పిస్టన్ నేరుగా వెళ్ళి కొట్టుకుని దెబ్బతింటుంది.

6.5 సైట్లు: టెలిస్కోప్ ఉన్న రైఫిలు చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది గాని, ఒలింపిక్ తరహా గాలి రైఫిలు పోటీలో దానిని అనుమతించరు. పైగా స్ప్రింగ్ కుదుపుకు చవక టెలిస్కోపులు త్వరగా పాడవుతాయి. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు అమర్చే వీలున్న రైఫిలు మంచిది. అది ఇప్పుడే కొనలేకపోతే సాధారణ ఓపెన్ సైటుతో మొదలుపెట్టవచ్చు. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం పోటీల్లో ఓపెన్ సైటు గాలి రైఫిలుకు విడిగా ఒక విభాగం ఉంది. అంటే స్వదేశీ రైఫిలుతోనూ పోటీలో నిలబడవచ్చు.

6.6 గుంపు పరీక్ష: వీలైతే కొనేముందు రైఫిలును బస్తా మీద ఆనించి, 10 మీటర్ల దూరంలో అయిదు పెల్లెట్లు కాల్చి చూడండి. రంధ్రాలు నడిమధ్యన పడ్డాయా అన్నది ముఖ్యం కాదు. అన్నీ ఒకచోట గుంపుగా పడ్డాయా అన్నదే ముఖ్యం. గుంపు పక్కకు ఉంటే సైటు తిప్పి సరిచేయవచ్చు. గుంపే చెదిరితే సైటుతో సరికాదు. పోటీకి తల చదునుగా ఉన్న పెల్లెట్లే వాడాలి. అవి కాగితం మీద గుండ్రని, స్పష్టమైన రంధ్రం చేస్తాయి. ఒకే రైఫిలు ఒక్కో రకం పెల్లెట్‌తో ఒక్కోలా కాలుస్తుంది కనుక రెండు మూడు రకాలు ప్రయత్నించండి.

7. ఖర్చు లెక్క

స్వదేశీ స్ప్రింగ్ రైఫిళ్ళు వేలల్లో దొరుకుతాయి. విదేశీ పోటీ రైఫిళ్ళు లక్షల్లో ఉంటాయి. గగన్ నారంగ్‌కు సొంత రైఫిలు కొనడానికి తల్లిదండ్రులు ఇంటికోసం ఉంచుకున్న స్థలాన్ని అమ్మిన సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఈ ఉదాహరణ నుంచి మీరు తప్పు పాఠం నేర్చుకోకూడదు. ఆ కుటుంబం పందెం వేసింది అప్పటికే బయటపడిన ప్రతిభ మీద. మొదటి రైఫిలు కోసం ఎవరూ భూమి అమ్మనక్కరలేదు, అప్పు చేయనక్కరలేదు.

ఇద్దరు విద్యార్థులను ఊహించండి. ఇద్దరి దగ్గరా 20,000 రూపాయలు ఉన్నాయి. లెక్క సులువుగా ఉండటానికి ఒక పెల్లెట్ ధర ఒక రూపాయి అనుకుందాం. మొదటి విద్యార్థి 18,000 పెట్టి రైఫిలు కొన్నాడు. అతనికి 2,000 పెల్లెట్లకు డబ్బు మిగిలింది. రెండో విద్యార్థిని 11,000 పెట్టి రైఫిలు కొన్నది. ఆమెకు 9,000 మిగిలింది. రోజుకు 60 చొప్పున నెలకు 25 రోజులు కాలిస్తే 1,500 పెల్లెట్లు ఖర్చవుతాయి. మొదటివాని సాధన రెండో నెల మధ్యలోనే ఆగిపోతుంది. ఆమె సాధన ఆరు నెలలు సాగుతుంది. ఆరు నెలల తరవాత ఎవరి గురి మెరుగ్గా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఏడు వేల రూపాయల ఎక్కువ ఖరీదు ఇవ్వలేనిదాన్ని ఏడు వేల కాల్పులు ఇస్తాయి.

అంతకంటె చవకైన దారి కూడా ఉంది. కొనడాన్ని రెండు మూడు నెలలు వాయిదా వేయండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. నగరంలో ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. రుసుము తీసుకుని రైఫిలు ఇచ్చి నేర్పే చోట్ల ముందుగా కాల్చి చూడండి. పరీక్షలకో కాంటాక్ట్ తరగతులకో నగరానికి వెళ్ళినప్పుడు ఒక పూట ఇందుకు కేటాయించవచ్చు. నాలుగైదు రకాల రైఫిళ్ళు చేతిలో పట్టిన తరవాత మీకు ఏది కుదురుతుందో మీ భుజమే చెబుతుంది. ఆసక్తి తగ్గిపోతే నష్టపోయేది రుసుము మాత్రమే.

పైసా ఖర్చు లేని సాధన కూడా ఒకటుంది. పెల్లెట్ లేని, స్ప్రింగ్ ముడవని రైఫిలుతో గోడ మీది చుక్కకు గురిపెట్టి నిలబడటం. రోజూ పావుగంట ఇలా చేస్తే నిలకడ, శ్వాస నియంత్రణ వస్తాయి. ఇంట్లో 10 మీటర్ల చోటు లేకపోయినా ఇది చేయవచ్చు.

8. వాడిన రైఫిలు కొనడం

పోటీలకు వెళ్ళేవారు కొత్త రైఫిలు కొన్నప్పుడు పాతది అమ్ముతుంటారు. జాగ్రత్తగా చూస్తే ఇది మంచి బేరం. కర్రకు పగుళ్ళు ఉన్నాయేమో, బ్యారెల్ లోపల తుప్పు ఉందేమో చూడండి. గాలి సిలిండర్ ఉన్న రైఫిలైతే సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీ తప్పక చదవండి. తయారీదారులు సిలిండర్‌కు కాలపరిమితి పెడతారు. అది చాలావాటికి 10 ఏళ్ళు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి అనుమతి ఉండదు, వాడటం ప్రమాదం కూడా. కొత్త సిలిండర్ ధరను బేరంలో కలుపుకుని చూస్తే చవకగా కనిపించిన రైఫిలు చవక కాకపోవచ్చు. అసలు బిల్లు లేని రైఫిలును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

9. భద్రత, బాధ్యత

లైసెన్సు అక్కరలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. గాలి రైఫిలు కన్ను పోగొట్టగలదు, దగ్గరనుంచి ప్రాణమూ తీయగలదు. కింది నియమాలను అలవాటుగా మార్చుకోండి.

• రైఫిలు ఖాళీగా ఉందని తెలిసినా మూతిని ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకూడదు.
• కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు.
• లక్ష్యం వెనక పాతబట్టలు గట్టిగా కుక్కిన పెట్టె, దాని వెనక గోడ ఉండాలి. రాతి మీదా, ఇనుప రేకు మీదా నేరుగా కాలిస్తే పెల్లెట్ తిరిగి వస్తుంది. పిల్లలూ పశువులూ తిరిగే దారి అటువైపు ఉండకూడదు.
• స్ప్రింగ్ ముడిచిన రైఫిలును అలాగే వదిలి పక్కకు వెళ్ళకూడదు.
• పెల్లెట్లలో సీసం ఉంటుంది. సాధన కాగానే సబ్బుతో చేతులు కడుక్కున్న తరవాతనే తినాలి.
• బస్సులో తీసుకువెళ్ళేటప్పుడు ఖాళీ చేసి, సంచిలో మూసి, బిల్లు నకలు దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లో తాళం వేసి ఉంచాలి.

మరొక ముఖ్య విషయం. జొన్నచేను మీద వాలే చిలుకలనో, పొలంలో తిరిగే నెమళ్ళనో కాల్చమని ఇరుగుపొరుగు అడగవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రైఫిలు చేతికి వచ్చిన మొదటి వారంలోనే ఈ పరీక్ష ఎదురవుతుంది. మీరు కొన్నది కాగితం మీది చుక్క కోసమని అందరికీ మొదటే చెప్పేయండి.

10. సారాంశం

కొత్తగా గురి క్రీడ మొదలుపెట్టేవారికి తగినది 0.177 బోరు, 20 జౌళ్ళు మించని గాలి రైఫిలు. వేగం, టెలిస్కోపు, పేరున్న బ్రాండు మొదటి రైఫిలుకు కొలమానాలు కావు. శరీరానికి అమరిక, నున్నని ట్రిగ్గర్, సరిచేసుకోగల సైట్లు, చెదరని గుంపు — ఈ నాలుగూ చూసుకోవాలి. ఉన్న డబ్బులో దాదాపు సగం సాధనకు మిగలాలి. వీలైతే అద్దె రైఫిలుతో నేర్చుకున్న తరవాతనే సొంతది కొనాలి. మీ స్కోరు రైఫిలు సామర్థ్యాన్ని అందుకున్న రోజున ఖరీదైన దాని గురించి ఆలోచించవచ్చు. ఆ రోజు వచ్చిందో లేదో మీ లక్ష్యపు కాగితాలే చెబుతాయి. వాటిని తేదీలు వేసి దాచుకోండి.

11. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మొదటి రైఫిలు ఎంపికలో పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. స్ప్రింగ్ రైఫిలును, ముందే గాలి నింపిన రైఫిలును పోల్చి, మీ పరిస్థితికి ఏది తగినదో కారణాలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గాలి రైఫిలుకు లైసెన్సు ఎప్పుడు అవసరమవుతుంది?
2. గుంపు పరీక్ష అంటే ఏమిటి?
3. మీ దగ్గర 15,000 రూపాయలు ఉన్నాయనుకోండి. రైఫిలుకు, సాధనకు ఎలా పంచుతారో లెక్క చూపండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1: సమాధానం
(అ) సుమారు 16.6 జౌళ్ళు. బోరు 0.177 అంగుళం మించకపోతే లైసెన్సు అక్కరలేదు.